ఏడో నంబరు కిటికీ

ఓహాయో నది ఒడ్డున ఉన్న ఆ చిన్న రేసుకోర్సులో వెర్నా టాకెట్ ముప్పై ఒక్క ఏళ్లుగా ఏడో నంబరు కిటికీలో కూర్చుని పందేల టికెట్లు ఇస్తోంది. పక్క కిటికీలన్నీ మూసేసి మిషన్లు పెట్టారు. తనదీ ఎప్పుడు మూస్తారోనని ఆమెకు కాలు ఒకచోట నిలవదు. “ఆ క్లోవిస్ ముసలాయన రావడం మానేస్తే నీ కిటికీ కూడా మూసేద్దాం” అన్నాడు మేనేజరు నవ్వుతూనే. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

క్లోవిస్ బర్డెట్‌కు ఎనభై రెండేళ్లు. గుర్రాన్ని దగ్గరగా చూసి, దానికెంత ధర న్యాయమో, అంటే గెలిస్తే డాలరుకు ఎన్ని డాలర్లు రావాలో పెన్సిలుతో రాసుకుంటాడు. బోర్డు మీద అంతకంటే ఎక్కువ ఉంటేనే పందెం కాస్తాడు. ఈమధ్య బోర్డు అంకెలు ఆయన కళ్లకు ఆనడం లేదు. వెర్నా చెప్పిందే ధర.

ఆ శనివారం నాలుగో రేసుకు వచ్చాడు.

“ఆరో నంబరు ఎంత పలుకుతోంది పిల్లా?”

“ఒకటికి తొమ్మిది, పెద్దాయనా.”

“నా లెక్కకి ఒకటికి ఆరొస్తే చాలు. పది డాలర్లు కొట్టు.”

గేట్లు తెరుచుకున్నాయి. గుర్రాలు మలుపు తిరిగేసరికి బోర్డు మీది తొమ్మిది కాస్తా ఏడైంది, ఐదైంది, చివరికి నాలుగైంది. ఈ మట్టి ఎన్నడూ తొక్కనివాళ్ల కంప్యూటర్లు గేట్లు తెరిచే ఆఖరి క్షణంలో వేల పందేలు కుమ్మరిస్తాయి. ఆ డబ్బు లెక్కకొచ్చేసరికి గుర్రాలు సగం దూరం పోయి ఉంటాయి. అందరి డబ్బూ ఒకే కుప్ప కదా, ఒకే గుర్రం మీద ఎక్కువమంది పడితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. నన్నడిగితే ఇది పట్టపగలు దోపిడీ.

గుర్రం ఓడిపోతే పెద్దాయనకు ఏమీ తెలియదు. ఓడిపోవాలని వెర్నా ఎంతగానో కోరుకుంది. ఆ దిక్కుమాలిన గుర్రం దర్జాగా గెలిచి కూర్చుంది.

కాసిన పదీ కలుపుకుని టికెట్‌కు వచ్చేది యాభై డాలర్లు. తొమ్మిదని చెప్పింది తన నోరే, ఆ లెక్కన వంద రావాలి. ఆమె కంగారుగా హ్యాండ్‌బ్యాగులోంచి తన యాభై తీసి కలిపేసింది.

క్లోవిస్ కిటికీ దగ్గరికొచ్చి, ఆమె ఇచ్చిన నోట్లు తడిమి చూశాడు.

“ఎంత లెక్కన ఇచ్చారే?”

“తొమ్మిదే, పెద్దాయనా.”

“కళ్లు పోయాయిగానీ చెవులు పోలేదు. మైకులో నాలుగన్నాడు.”

ఆయన యాభై లెక్కపెట్టి కిటికీలోంచి వెనక్కి తోశాడు.

“నీకు నష్టం రాకూడదని…” అంది వెర్నా.

“నాలుగుకి నేనెప్పుడూ కాయలేదు పిల్లా. ఆ కంప్యూటర్లు నా చేత కాయించాయి. పోనీ, అవి మిషన్లు. నువ్వు కూడా ధర మార్చి చెప్తావా?”

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుని, కర్ర తాటించుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఐదో రేసుకు బోర్డు వెలిగింది. వెర్నా అలవాటు కొద్దీ ధరలన్నీ చూసి పెట్టుకుంది. ఎంతని ఎవరూ అడగలేదు.