రేడియో భార్య చూసిన సముద్రం

రోప్‌వేలో పనిచేసేవాళ్ళంతా ఆయన్ని రేడియో అనేవారు. జనం ఎక్కి కూర్చునే పెట్టె తలుపు వేసి గొళ్ళెం బిగించింది మొదలు కొండ మీద దించేదాకా ఆయన నోరు మూతపడేది కాదు. "ఎడంవైపు చూడండి, లైట్‌హౌస్. దాని పక్కన చేపల రేవు. ఇప్పుడు కుడివైపు, నీళ్ళలో ఏనుగురాయి." వినేవాళ్ళు ఫోటోల గొడవలో ఉన్నా, పెట్టెలో ఉన్న ఒక్క మనిషీ కునుకు తీస్తున్నా, చెప్పాల్సింది చెప్పి తీరేవాడు. జీతం తలుపులు వేసినందుకే, మాటలు ఉచితం.

ఇంటికొచ్చినా అదే వరస. కుట్టుమిషన్ మీద వంగిన భార్య పక్కన స్టూలు వేసుకుని, ఆ రోజు సముద్రం ఏ రంగులో ఉందో చెప్పేవాడు. ఆవిడ ఒక్కసారీ పైకి వెళ్ళలేదు. "ఎత్తంటే నాకు భయం. అయినా మీరు చెప్తుంటే చూసినట్టే ఉందిగా," అని దారం కొరికేది. ఆయనా పట్టుబట్టలేదు. ఊరందరికీ సముద్రం చూపించినవాడు కట్టుకున్నదానికి చూపించలేదు.

ఒకరోజు ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ సొంత అక్కని ఆవిడ పోల్చుకోలేకపోయింది. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి దాచకుండా చెప్పాడు. "ఇది నయమయ్యేది కాదమ్మా. ముందు దూరం చూపు పోతుంది. మంచు కమ్మినట్టు అంతా తెల్లగా అయిపోతుంది."

దారిలో ఆవిడే అంది. "ఏమండీ, చూపు పోయేలోపు ఒక్కసారి ఆ సముద్రం పైనుంచి చూడాలనుంది."

సరిగ్గా ఆ వారమే ఇనుపతాడు మార్చడానికి రోప్‌వే మూసేస్తున్నారు. కొండకి వేరే దారి లేదు. మళ్ళీ తెరవడానికి నెలలు పడుతుంది, అప్పటికి ఆవిడకి చూపు ఉంటుందన్న నమ్మకం లేదు. ఆఖరి రోజు సాయంత్రం జనాన్నంతా దించేశాక, మిషన్ ఆపరేటర్ని బతిమాలి, తామిద్దరి కోసం పెట్టెని ఇంకొక్కసారి నడిపించాడు.

సగం దూరం పోయేసరికి సముద్రం మీంచి మంచు లేచింది. చూస్తుండగానే అద్దాలన్నీ తెల్లబడ్డాయి. ఆవిడ భయాన్ని దిగమింగుకుని, కడ్డీ గట్టిగా పట్టుకుని, ముఖం అద్దానికి ఆనించి కూర్చుంది. ఇంత ఆశగా వచ్చినదానితో ఏమీ కనబడదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. పైకి చేరేలోపు విడిపోతుందిలే అనుకున్నాడు. ఈలోగా అలవాటుపడ్డ నోరు ఊరుకోలేదు.

"అదుగో లైట్‌హౌస్."

"ఊఁ."

"ఇటు చూడు, ఏనుగురాయి. దాని చుట్టూ పడవలు. నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో."

ఈసారి ఆవిడ ఊఁ కొట్టలేదు. పెట్టె పైకి చేరి ఆగాక మెల్లగా అంది. "మీ చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి. అవతలంతా తెల్లగా ఉంది. పోయిందండీ, నా చూపు."

ఆయన గబుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "అది మంచే. నాకూ ఏమీ కనబడలేదు. ఒట్టు."

"మరి పడవలున్నాయన్నారు?"

"ఊరికే అన్నాను."

"నన్ను ఓదార్చకండి," అని ఆయన చెయ్యి నిమిరింది. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. ఈయనది ఎంత బాగా అతికిందంటే, తర్వాత చెప్పిన నిజానికి చోటు మిగల్లేదు.

కింద గంట మోగింది, పెట్టె వెనక్కి కదిలింది. కొంత దిగగానే మంచు విడిపోయింది. రేవు, రాయి, పడవలు, ఎండ పడ్డ నీళ్ళు, అన్నీ అద్దం ముందుకొచ్చాయి. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"తెరవవే. అంతా కనిపిస్తోంది."

"ఇందాకా అదే అన్నారు. తెరిచాక మళ్ళీ తెల్లగా ఉంటే తట్టుకోలేనండీ. మీరు చెప్పండి, వింటాను."

ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఏడ్చాడు. ఆవిడ రెప్పలు విప్పలేదు.

కింద దిగి, ఆయన చెయ్యి పట్టుకుని గేటు దాటాక, మెట్టు తగులుతుందని కళ్ళు తెరిచింది. రోడ్డు చివర ఒక బస్సు ఆగి ఉంది. ఆవిడ దానికేసి చాలాసేపు చూసింది.

"ఏమండీ, ఆ బస్సు ఎర్రదేనా?"

"ఎర్రదే."

వెనక ఆపరేటరు మిషన్ ఆపేసి, గదికి తాళం వేస్తున్నాడు.