బల్ల దగ్గరికి లేవని ఇద్దరం

“మరిదిని నేను పంపిన్నా చెల్లె? జరమొచ్చినోన్ని లేపి నెత్తిన మూట వెట్టాల్నా?”

“నీ మొగనికొచ్చింది జరం గాదక్కా. నా మొగని సావు.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలివి. ఆమె నా తోడికోడలు, మా బావ భార్య. ఇది రాస్తున్నది ఆమె కూతురు. మిషను బడిలో చదువుకున్నది. నాకు సంతకం వరకే వచ్చు.

నిజాం రాజ్యం నాటి సంగతి. అచ్చంపేట దగ్గర, అడవి అంచున మా ఊరు. దొర ఇంటికి చుట్టాలొస్తే వాళ్ల సామాను మోయడం మా వాడకు వెట్టి. ఇంటికొక వంతు. ఆ వానాకాలం మా ఇంటి నుంచి వంతు బావది. పొద్దున్నే దొర మనిషి వచ్చి పిలిస్తే, అక్క గడపలోంచి “జరం గాస్తాంది” అన్నది. బావకు బదులు నా పెనిమిటి తలకు తువ్వాల చుట్టుకొని వెళ్లాడు. వాగు దాటుతుంటే మూటతో సహా కొట్టుకుపోయాడు. దొర మనిషి వచ్చి ముందు మూట సంగతే అడిగాడు.

ఆ కబురు రాకముందే, మర్నాడు పొద్దున, బావ వాకిట్లో కూర్చొని గటక తింటుంటే చూశాను. మా దిక్కు జ్వరం దినం విడిచి దినం వస్తుంది, నడిమి దినం మనిషి బాగానే తిరుగుతాడు. అది నాకు తెలియక కాదు. అయినా కబురు వచ్చాక నా కళ్లకు ఆ తింటున్న చెయ్యే కనిపించింది. నిజంగా జ్వరమేనా అని ఏనాడూ అడగలేదు.

దొర మీద కోపం రాలేదా అంటారు. వచ్చింది. కానీ ఆయన గడీ దాకా నడిచే బలం నా కోపానికి లేదు. చేతికి అందింది అక్క ఒక్కతే.

మాటలు ఆగినా ఇల్లు ఒకటే, రోలు ఒకటే. జొన్నలు దంచాలంటే ఇద్దరం ఎదురెదురుగా నిలబడాలి. ఆమె రోకలి లేచినప్పుడు నాది దిగాలి. చెప్పాల్సింది ఉంటే మేకకు చెప్పేవాళ్లం.

“ఓ మేకా, ఉప్పయిపోయింది.”

“ఎవరన్న వొయి తెస్తే మంచిదే గదనే మేకా.”

మా అత్త వింటూ, “మేక తెలుగు నేర్సుకుంటది, మీరే మర్సిపోతరు,” అనేది.

ఈస్టరుకు మిషను అయ్యగారు బండి మీద వచ్చి, బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టి ప్రభు భోజనం ఇచ్చేవారు. ఎవరి మీదైనా కోపముంటే ముందు సమాధానపడి బల్ల దగ్గరికి రమ్మనేవారు. అందరూ లేచేవాళ్లు. నేను చాప మీదే ఉండిపోయేదాన్ని. అదే చాప చివర అక్క. ఒకసారి అయ్యగారు నా దగ్గరికే వచ్చారు.

“క్షమించరాదా అమ్మా?”

“నోటితోని అనుమంటే అంట అయ్యగారూ. లోపల రానిదాన్ని వచ్చిందంటే దేవునికి దెల్వదా?”

ఆయన “అయితే రాలేదనే ఆయనకు చెప్పు. కోపం పోయినాక ప్రార్థన చేస్తానని కూర్చోకు,” అన్నారు. తర్వాత అక్కను అడిగితే ఆమె నేల చూస్తూ, “చెల్లె లేస్తే లేస్త,” అన్నది.

ఆ మాటకు నాకు ఇంకా మండింది. మంచిపేరు తనకు, తప్పు నాకా అనుకున్నాను.

ఆమె చేతి మీద రోకలి వేద్దామనిపించిన రోజులున్నాయి. అలాంటప్పుడు అయ్యగారు అన్నట్టే చెప్పుకొనేదాన్ని, ఇయ్యాల గూడ రాలే ప్రభువా అని. చెప్పిన పూట రోకలి రోట్లోనే పడేది. కోపం పోయిందని కాదు. చెప్పీ చెప్పీ నేను అలసిపోయాను. వినే ప్రభువు అలసిపోలేదేమో.

వెట్టి పోయింది. దొర పట్నం పారిపోయాడు. అత్త పోయింది, బావా పోయాడు. అక్కకు ఇప్పుడు రోకలి ఎత్తే సత్తువ లేదు, కూర్చొని చెరగడం వరకే. ఒక్కదాన్నే దంచుకుంటున్నాను. ఎదుటి దెబ్బ లేక నా చెయ్యి తడబడుతున్నది.

రేపు ఈస్టరు. క్షమించిన అని రాయకు బిడ్డా, అది ఇంక పూరా రాలే. రేపు సిన్నమ్మ లేస్తదట అని రాయి. నేను లేవకుంటే ఆమె లేవదు. ముసలిదయింది, ఇంకెన్నేండ్లు రొట్టె లేకుంట కూసుంటది? ఆమె ముందటికి వొయి అనుమంటే నాకు నోరు రాదు. రాసినవా? ఇగ మొదటి నుంచి సదువు. జర గట్టిగ సదువు, మీ అమ్మ గోడవతల్నే జొన్నలు చెరుగుతాంది.