రెయిన్‌కోటుకు సుంకం

ఫోన్‌లో చవగ్గా కనబడిందని చైనా నుంచి ఒక రెయిన్‌కోటు తెప్పించుకున్నాను. వానలే సరిగా పడని బత్తలపల్లెలో అదెందుకని నాకప్పుడు తోచలేదు. పార్సిల్ తెచ్చిన కొరియర్ అతను కస్టమ్స్ సుంకం కడితేనే ఇస్తానన్నాడు. అది కోటు ధరకంటే ఎక్కువ.

అరుగు మీదున్న మా నాయన లేచి వచ్చాడు.

“ఏమప్పా, మా మీద పడే వానకు గూడా సుంకమా?”

“వానకు కాదు పెద్దాయనా, కోటుకు.”

“అట్లయితే వాన పడినంక రా, కడతాం.”

కొరియర్ అతను పగలబడి నవ్వాడు గానీ పార్సిల్ వదల్లేదు. నేనే కట్టేశాను.

మర్నాడు నాయన ఆ కోటు తొడుక్కొని వేరుశనగ చేనికి మందు కొట్టడానికి పోయాడు. చెమటతో తడిసి ముద్దయి వచ్చి, “బలే కోటు తెచ్చినావు రా, లోపలే వాన కురుస్తాండాది” అన్నాడు.

ఇప్పుడది బోరు స్టార్టర్ పెట్టెకు కప్పి ఉంది.