రెండు వంతులు రద్దు

చేతిలో ఒక అట్టముక్క, గుప్పెడు పూసలు, ఒక రౌండు స్టాంపు ఉంటే చాలు, కంకి తొడగబోతూ పొట్ట మీదున్న ఎకరన్నర వరిని నిలువునా ఎండబెట్టేయొచ్చు. నేను ఆ పని దాదాపు పూర్తిచేశాను. ఎలాగో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి, ఆ ఊళ్ళో ఎవరూ పడలేదు.

అప్పుడు నేను రిసెర్చి స్కాలర్ని. అంటే తెలివి అప్పటికే వచ్చేసిందనీ, సర్టిఫికెట్టు రావడమే ఆలస్యమనీ నమ్మే వయసు. కాలవ నీళ్ళు చాలనప్పుడు రైతులు ఎలా పంచుకుంటారన్నది నా అంశం. తోటి స్కాలర్లు ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఊళ్ళ మీద పడుతుంటే, నేను బోర్డు ఆట తయారుచేశాను. ఆటలో కూర్చోబెడితే మనిషి లోపలున్నది బయటపెడతాడని నా సిద్ధాంతం. చీరల పెట్టె అట్ట మీద గెడ్డ, అంటే కొండవాగు, అందులోంచి వచ్చే కాలవ, దాని పక్కన మళ్ళు గీశాను. నీలం పూసలే నీళ్ళు. కార్డు తీసి, పాచిక వేసి, పూసలు మన మడిలోకి తెచ్చుకోవాలి. దీనికి మూడు పేజీల రూళ్ళు రాశాను. రాజ్యాంగం రాసినవాళ్ళు కూడా అంత మురిసిపోయి ఉండరు.

మా గైడు రూతు మేడమ్. ఆదివారం సండేస్కూల్లో పిల్లలకు చెప్పే గొంతుతోనే సోమవారం పీహెచ్‌డీ వాళ్ళకీ చెప్పేవారు.

"ఆట పనికొస్తే నీకో చాప్టరు. లేకపోతే బుద్ధిగా ప్రశ్నల కాగితం పట్టుకో. వచ్చే శుక్రవారం నేనే వచ్చి చూస్తాను" అన్నారు. "ఇంకో మాట. ఫలితాలు మన బీరువాలో దాచుకోకు. ఆడినవాళ్ళకి చెప్పాలి."

మేడమ్ చెప్పిన వందల మాటల్లో నేను తు.చ. తప్పకుండా పాటించింది ఈ ఒక్కటే. కొంప ముంచిందీ ఇదే.

శృంగవరపుకోట దాటాక కొండవాలులో ఉంది ఆ ఊరు. ఆటకి ముఖ్యంగా ముగ్గురు కూర్చున్నారు. సూరిబాబు మడి కాలవ మొదట్లో ఉంటుంది. పైడమ్మ మడి శివార్లో, నీళ్ళు అక్కడికి చేరేసరికి అలిసిపోతాయి. మూడోవాడు అప్పారావు, ఏ మడికి ఏ రోజు నీళ్ళు వదలాలో చూసే పెద్దమనిషి. ఒక్కో మడికి ఎనిమిది రోజులకోసారి నీళ్ళు. దాన్ని వాళ్ళు వంతు అంటారు. ఆటలో పాచిక వేసే అవకాశాన్ని నేనూ వంతు అనే రాశాను. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఈ మాటని చూసుకోండి. నేను ఆగలేదు.

ఆట మొదలైన పావుగంటకే సూరిబాబుకి గండి కార్డు వచ్చింది. ఆ కార్డుతో దొరికేదాకా ఎన్నిసార్లయినా కాలవకి గండి కొట్టొచ్చు, కొట్టిన ప్రతిసారీ అయిదు పూసలు అదనం. కానీ పాచికలో ఒకటి పడితే దొరికిపోయినట్టు. అప్పుడు రెండు వంతులు రద్దయి, అవి శివారు మడికి పోతాయి.

"కొడతాను" అన్నాడు సూరిబాబు.

"దొరికిపోతావురా సూరీ" అంది పైడమ్మ.

"నాను దొరకడమేటత్తా" అని పాచిక వేశాడు. ఒకటి పడింది. ఊరంతా నవ్వింది. పైడమ్మ నవ్వలేక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను ఆ ఉత్సాహంలోనే ఫలితాలు గుండ్రటి అక్షరాలతో రాశాను. 'సూరిబాబు: రెండు వంతులు రద్దు. పైడమ్మ: రెండు వంతులు అదనం.' కింద సంతకం, తేదీ. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను, సంచిలోంచి డిపార్ట్‌మెంటు రౌండు స్టాంపు తీసి ఠపీమని కొట్టి, పంచాయతీ గోడకి అంటించి, శ్రీకాకుళంలో మా యూనివర్సిటీకి బస్సెక్కేశాను. ప్రజలకి ఫలితాలు చెప్పేశానన్న తృప్తితో దారంతా నిద్రపోయాను.

తరవాతి వారం గురువారంనాడు ఫోను.

"ఏటి సారూ, నా మడి ఎండబెట్టడానికే వొచ్చినావా మా ఊరు?"

"ఎవరండీ?"

"సూరిబాబుని. నీ కాయితం సూసి అప్పారావు నా వంతు నీళ్ళు అత్తకి మళ్ళించీసినాడు. పోయిన వారం పరాసికం అనుకున్నాను. రేపటి వంతు కూడా లేదంటన్నాడు. వరి పొట్ట మీదున్నాది సారూ. రేపు నీళ్ళు లేకపోతే గింజ కట్టదు."

శుక్రవారం మొదటి బస్సుకి బయల్దేరాను. ఊళ్ళోకి నడుస్తుంటే దారిలోనే ఉంది ఆయన మడి. నేల నెర్రెలిచ్చింది. ఆకులు కొసల్లో పసుపు తిరిగాయి. నాకు భయమేసింది. చాప్టరు పోతుందని కాదు, నిజంగానే ఒక మనిషి పంట నా చేతిరాత వల్ల పోయేలా ఉందని.

పంచాయతీ అరుగు మీద అందరూ ఉన్నారు. "అది ఉత్త ఆటండీ" అన్నాను.

"ఆటయితే స్టాంపెందుకేసినావు సారూ?" అన్నాడు అప్పారావు.

ఎమ్మేలోనూ, ఆ తరవాతా నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. సంచిలో చెయ్యిపెట్టి తెల్లకాగితం వెతికాను.

"పోనీ, అది రద్దని ఇంకో కాగితం రాస్తాను."

"ఎల్లుండి ఇంకోడొచ్చి ఇంకో కాయితం రాస్తాడు" అంది పైడమ్మ. "ఆటలో పోయింది ఆటలోనే రావాల. సూరిబాబు బదులు నువ్వాడు బాబూ. నెగ్గితే ఆడి వంతులు ఆడికే."

సరిగ్గా అప్పుడే జీపు దిగారు రూతు మేడమ్. సంగతంతా విని, కళ్ళజోడు సర్దుకుని, అరుగు మీద ఓ మూల కూర్చున్నారు.

నాకు లోలోపల ధైర్యమే. రూళ్ళు రాసింది నేను, కార్డులు గీసింది నేను. నా ఆటలో నన్ను ఓడించే మొనగాడెవరు? నాకూ గండి కార్డు వచ్చింది. ఒకటి పడే అవకాశం ఆరింట ఒకటే. లెక్క ప్రకారం గండి కొట్టడమే తెలివి. కొట్టాను, అయిదు పూసలు. మళ్ళీ కొట్టాను, ఇంకో అయిదు. పైడమ్మ మటుకు తన మడిలో రెండేసి పూసలు పేర్చుకుంటూ కూర్చుంది.

"ఇంకా ఎన్నిసార్లు కొడతావు?" అన్నారు మేడమ్.

"ఇదొక్కసారే మేడమ్."

ఒకటి పడింది.

ఆటలో మనిషి లోపలున్నది బయటపడుతుందన్న నా సిద్ధాంతం ఋజువైంది. గండికొట్టేవాడు బయటపడ్డాడు. ఇంకో రెండు వంతులు రద్దు.

సూరిబాబు నా వైపు చూసి, ఏ కోపమూ లేకుండా అన్నాడు. "సారూ, నువ్వు రాకపోతే రెండే పోయీవి."

నాకు తలెత్తాలనిపించలేదు. అప్పుడు పైడమ్మ అడిగింది.

"ఒకలి వంతు ఒకలికి ఇచ్చుకోవచ్చని నీ రూళ్ళలో ఉన్నాదా లేదా? మా మనవరాలు సదివింది."

ఉంది. మూడో పేజీ అడుగున, అందానికి రాసిన రూలు. శివారు రైతు తన నీళ్ళు ఎవరికీ ఇవ్వడని నా థీసిస్‌లో అప్పటికే పదహారు పేజీలు రాసి ఉంచాను.

"అప్పారావూ, ఇయ్యాల వంతు సూరిబాబుకి ఒగ్గీ" అంది పైడమ్మ. "ఆడి మీద నాకు బండెడు కోపమున్నాది. వరి మీద ఏటి కోపం?"

"మరి మిగతా వంతులూ?" అన్నాడు అప్పారావు.

"అవి ఆటవి. అట్టపెట్టెలో ఎట్టుకోమను."

నేను నోరు తెరిచాను. "అయితే ఇది ఆటని మీకు ముందే తెలుసా?"

"తెలకేటి బాబూ. పదేళ్ళ బట్టి సూరిబాబు నిజం కాలవకే గండి కొడతన్నాడు. ఊరందరికీ తెలుసు. ఒక్కలూ కాయితమ్మీద రాయలేదు. నువ్వు రాసినావు. అందుకే ఓ వంతు వాడుకున్నాను."

సూరిబాబు తలొంచుకుని పార భుజానికెత్తుకున్నాడు. "శివారు దాకా కాలవ పూడిక నానే తీస్తాను అత్తా" అని, నీళ్ళు తిప్పుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను అరుగు మీదే కూలబడ్డాను.

జీపెక్కుతూ మేడమ్ అన్నారు. "నీ పదహారు పేజీలు చింపెయ్యి. చాప్టరు వచ్చింది. అయితే పరిశోధన చేసింది ఆవిడ, నమూనాగా పనికొచ్చింది నువ్వు. ఆ ముక్క కూడా రాయి."

రాశాను. డాక్టరేటూ వచ్చింది. ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను, క్లాసులో ఆటలు ఆడిస్తున్నాను, పిల్లల్ని వెంటేసుకుని ఊళ్ళకీ తీసుకెళ్తున్నాను. ఆటలంత మంచి పాఠం ఇంకోటి లేదని ఎక్కడైనా బల్లగుద్ది చెబుతాను. కానీ పాఠకదేవుళ్ళారా, మీ అందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నేను గీసిన అట్ట మీద నేను ఈ జన్మలో పాచిక వెయ్యను. ఎదర పైడమ్మ కూర్చుంటే వచ్చే జన్మలో కూడా వెయ్యను. నిన్ననే ఆవిడ ఫోను చేసింది, "బాబూ, ఒకపాలి రా, ఈసారి వీధి కుళాయి కాడ వంతుల సంగతి తేల్చాల" అని.