తడి వడ్లలో ల్యాప్‌టాప్

మా ఆవిడ ల్యాప్‌టాప్ మీద చెంబెడు నీళ్లు ఒలకబోసింది నేనే. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తడిసిన ఫోన్లు బియ్యంలో పెడితే ఆరుతాయని ఎక్కడో విన్నాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. వాకిట్లో కొత్త వడ్ల కుప్ప ఉంది. బియ్యం వచ్చేది వడ్లలోంచే కదా అని ల్యాప్‌టాప్‌ను అందులో పాతిపెట్టి పొలానికి పోయాను. తేమ ఎక్కువుందని ముందురోజే కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపిన వడ్లవి! తడి కుప్ప లోపల ఎంత ఉడుకు పుడుతుందో నాకు తెలియదా? ఇరవై ఏళ్లుగా వ్యవసాయం చేస్తున్నవాణ్ని. ఖర్మ, ఆ పూట బుర్ర పనిచెయ్యలేదు.

రెండు రోజుల తర్వాత తీస్తే అది ఆన్ కాలేదు. మా ఆవిడ బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పుట్టింటి నుంచి వచ్చి విషయం విన్నది. అరిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. నెమ్మదిగా ఒక్క మాటే అన్నది.

"రాసింది మల్ల రాసుకుంట. నస్రుల్లాబాద్ అవ్వ సచ్చిపోయి ఆర్నెల్లాయె. ఆమె మాటలు యాడికెల్లి తెస్తవ్?"

బీడీలు చుట్టిన ఆ అవ్వ తన బతుకంతా చెప్పిన రికార్డింగులు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. నేనే తెస్తానన్నాను. అనడమైతే అనేశాను.

నిజామాబాద్‌లో చూపిస్తే బోర్డు మార్చాలన్నారు. మెమరీ ఆ బోర్డుకే అతికి ఉంటుందట, మారిస్తే అందులోవన్నీ పోతాయట. సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేశాను. వాళ్లు చెయ్యకపోతే నేను చెయ్యనా అని మొండికేశాను. మూడు వారాలు వీడియోలు చూశాను. పాడైన ఫోన్ల బోర్డుల మీద చెయ్యి తిప్పుకున్నాను. బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం అన్న కరెంటు సన్నగా ఇచ్చే పెట్టె, స్పిరిట్ సీసా అరువిచ్చాడు. వడ్ల సంగతి విని కడుపుబ్బ నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను.

బ్యాటరీ తీగ ఊడదీసి, పళ్ల బ్రష్‌తో పచ్చటి తుప్పు, ఊక దుమ్ము కడిగాను. మీటరు పెడితే బీప్‌మని మోగింది. ఎక్కడో షార్టయి, కరెంటు దారి తప్పి నేరుగా ఎర్తుకు పోతోందన్నమాట. బోర్డంతా స్పిరిట్ పూసి, ఒక్క వోల్టు ఎక్కించాను. చెడిన భాగం వేడెక్కుతుంది, దాని మీద స్పిరిట్ ముందుగా ఆరుతుంది. మొదటిసారి రెప్పవేశాను, దొరకలేదు. మళ్లీ పూశాను. ఈసారి మూలన నువ్వుగింజంత ముక్క ఒక్కటే పొడిగా కనిపించింది. లేచి ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. అలాంటి ముక్క ఒకటి లేకున్నా బోర్డు నడుస్తుందని వీడియోల్లో చూశాను. కాల్చిన సోల్డరింగ్ కడ్డీతో ఆ ముక్కను లేపేశాను. బీప్ ఆగిపోయింది. ఛార్జరు పెట్టగానే లైటు వెలిగింది.

మా ఆవిడను పిలిచాను. పొయ్యి ఆర్పి వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టి, ముందు రెండు పెన్‌డ్రైవ్‌లలోకి అన్నీ ఎక్కించింది. ఆ తర్వాతే ఒక రికార్డింగు పెట్టింది. ముసలి గొంతు పలికింది.

"నా మాట గిండ్ల పడుతుందా బిడ్డా? పోదు గద?"

దాని వెంటే మా ఆవిడ గొంతు, అందులోంచే.

"పోదవ్వా. నా పానం లెక్క చూసుకుంట."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను తల ఎత్తలేకపోయాను.