నెత్తురు సంగతి

మొన్న కుప్పంలో పంటి డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే లవంగనూనె వాసన తగిలింది. ఆ వాసనకే నా నోట్లో నెత్తురు రుచి తెలుస్తుంది. చిన్నప్పుడు పన్ను ఊడితే రాత్రంతా కారేది. నెలసరి వస్తే మంచం దిగలేకపోయేదాన్ని. “యాడా చెప్పొద్దు. మీ పిన్నమ్మ కాన్పులో నెత్తురు ఆగకనే పాయె. తెలిస్తే నిన్నెవరూ చేసుకోరు,” అనేది అమ్మ. చెప్పకుండానే నా పెళ్లి చేశారు.

తొంభైల చివర్లో పుంగనూరు ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. హెడ్మిస్ట్రెస్ జమీలా మేడం. ఒకరోజు నా కుర్చీలో మరక చూసి, ఆవిడ పిల్లలను బయటికి పంపి, తన బురఖా తెచ్చి నాకు తొడిగారు. నేను ముఖం ఎత్తలేదు. “యాల తల దించుకుంటావమ్మా? దొంగతనం చేసినావా?” అన్నారు. ఆరోజు మొదటిసారి అన్నీ ఒకరికి చెప్పుకున్నాను.

కొన్నేళ్లకు పాఠం చెబుతూ స్పృహ తప్పాను. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని మదనపల్లె డాక్టరు బెంగళూరుకు పంపాడు. అక్కడ పేస్‌మేకర్ పెట్టాలన్నారు. మేడం కూడా వచ్చారు.

“రక్తం త్వరగా ఆగని జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉందా?” అని అడిగాడు డాక్టరు. పక్కనే మా ఆయన, మామగారు. నేను నేల చూశాను.

“అట్లాంటివేం లేవు సార్,” అన్నారు మామగారు.

మేడం నా వైపు తిరిగారు. “నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

ఆవిడే చెప్పారు. పన్ను సంగతి, నెలసరి సంగతి, పిన్నమ్మ సంగతి, అంతమంది మగవాళ్ల ముందు. మామగారు లేచి బయటికి వెళ్లిపోయారు. నడివీధిలో నా చీర లాగేసినట్టు అనిపించింది.

డాక్టరు ఆపరేషన్ వాయిదా వేశాడు. రక్తం గడ్డకట్టించే పదార్థమొకటి నాకు పుట్టుకతోనే తక్కువని పరీక్షల్లో తేలింది. దాన్ని నరంలోకి ఎక్కించాకే భుజం కింద కోశారు. గాయం మానేదాకా ఎక్కిస్తూనే వచ్చారు. “తెలియకుండా కోసుంటే ప్రాణం మీదికి వచ్చేది,” అన్నాడాయన.

అయినా నెలల తరబడి మేడంతో మాట్లాడలేదు. ఒకరోజు బడి వరండాలో ఆవిడే ఎదురొచ్చారు. “కోపం ఉండనీలే. బతికి ఉండావు కాబట్టే కోప్పడతాండావు. అంతే సాలు నాకు.”

ఇప్పుడామె లేరు. ఏ ఆసుపత్రికి వెళ్లినా, పక్కన ఎవరున్నా, అడగకముందే నా నెత్తురు సంగతి చెబుతాను. చెవులు వేడెక్కుతాయి. సిగ్గు పోయిందని అబద్ధమాడను. సిగ్గుపడుతూనే చెబుతాను.