భయం చెప్పనివాడికి పని లేదు

మా మేస్త్రి పోయాడని మంగళవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. "పెద్దనాయనా, మామ లేవలేదు" అంది.

నేను ధర్మపురిలో బస్సు దిగి వెళ్ళేసరికి వాళ్ళ వీధి మొదట్లో ఫ్లెక్స్ కట్టేసి ఉంది. భయమెరుగని వీరుడు అని తమిళంలో పెద్ద అక్షరాలు. కట్టించింది ఒక కాంట్రాక్టరు. "వీళ్ళకి గుండె జారిపోయింది, సున్నం కొట్టే పనికి పంపండి" అని, ఒకప్పుడు మేం బావుల పని మానుకున్నప్పుడు మా ముఠాని చూసి నలుగురిలో నవ్విన మనిషే. కుర్చీ వేయించుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ మేస్త్రి ధైర్యం గురించి చెబుతున్నాడు. అక్కడ నేనేమీ అనలేదు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మేముండేది తమిళనాడు, మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గాని చదవరు, కాబట్టి నన్ను ఆపేవాళ్ళు లేరు.

నేను చూసిన మనుషుల్లోకెల్లా ఆయనే భయస్తుడు. బస్సెక్కితే డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూశాకే కూర్చునేవాడు. రోజూ పని మొదలయ్యే ముందు బావిలోకి దిగే తాడంతా జానెడు జానెడు తడిమి, మళ్ళీ మొదటినుంచి తడిమేవాడు. వీరుల గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిలో ఎవరూ తాడు తడమరు.

మాది పాత బావుల్లో పూడిక తీసే ముఠా. ఆరుగురం. ఆయన నా బావమరిది, వయసులో చిన్న, అయినా మేస్త్రి. పెన్నాగరం దిక్కున ఒక బావిలో పక్కరాయి ఊడిపడి ఆయన కొడుకు కాలు విరిగింది. ఆ తర్వాత ఎవరూ బావి అంచుకు పోలేదు. ఈ పని మన చేతికి ఇంక అచ్చిరాదన్నారు. ఇద్దరు బెంగళూరులో సెంట్రింగు పని మాట్లాడుకున్నారు. ఇంకో నెల గడిస్తే ముఠా అనేది ఉండదు.

మేస్త్రి ఎవరినీ బతిమాలలేదు. ఒకరోజు అందరినీ అదే బావి దగ్గరికి రమ్మన్నాడు. కొడుకు బదులు కోడల్ని తెచ్చాడు. ఆడది తాడు పడితే దిగినవాడు పైకి రాడని మావాళ్ళ నమ్మకం. అన్ని పుస్తకాలు చదివీ నేనూ నమ్మేవాణ్ణే.

"ఎవురికి ఏం బయమో చెప్పండి. చెప్పనోళ్ళకి పని లేదు" అన్నాడు.

ఒకడు బీడీ ముట్టించాడు, ఇంకొకడు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"సరే, నేను చెప్తా. నాకు ఈ బావంటే బయం. తాడంటే బయం. దాన్ని పట్టుకునే మీరంటే ఇంకా బయం."

"ఇంత బయం పెట్టుకోని మేస్త్రి ఎట్లయినావప్పా?" అన్నాడు ముఠాలో నోరున్నవాడు.

"బయంతో తాడు చూస్తాండా కాబట్టే నువ్వింకా బతికుండావు."

నవ్వులయ్యాక ఒక్కొక్కరే చెప్పారు. ఒకడికి అంచున నిలబడితే కళ్ళు తిరుగుతాయట, పదేళ్ళుగా దాచాడు. కోడలు ఆఖరున చెప్పింది. "ఏమన్నా అయితే ఆడది ముట్టినందుకే అంటారు మామా. నాకదే బయం."

"అవునమ్మా, అంటారు. మొదట మీ పెద్దనాయనే అంటాడు" అని నన్ను చూపించాడు.

నాకు ఒళ్ళు మండింది. "నాకేం భయం లేదు" అన్నాను.

"అయితే ఆ చింతచెట్టు కింద కూర్చో బావా. ఏమన్నా చదువుకో."

ఆ రోజంతా అక్కడే కూర్చున్నాను. ఏడాదిగా నా ఎడమ చేయి ఉన్నట్టుండి మొద్దుబారేది. చెబితే ముసలివాణ్ణని తీసేస్తారు. ఆ చేత్తోనే మనుషుల్ని బావిలోకి దించుతూ వచ్చాను. ఆయన కొడుకు దిగిన రోజూ తాడు నా చేతిలోనే ఉంది. రాయి పడింది నావల్ల కాదు. అయినా రాయి పడకపోయినా, ఆ చేయి అప్పుడే మొద్దుబారి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచిస్తూనే ఉన్నాను.

మర్నాడు చెప్పాను. తిడతాడనుకున్నాను. నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసి, "ముందే చెప్పుంటే..." అని ఆగిపోయాడు. నన్ను తీసెయ్యలేదు. నా వెనక కోడల్ని నిలబెట్టాడు. "మీ పెద్దనాయన చెయ్యి చచ్చినప్పుడు నీది బతికుండాల" అన్నాడు. కళ్ళు తిరిగేవాణ్ణి అంచునుంచి దూరంగా, తట్టల దగ్గరికి మార్చాడు.

నాలుగో రోజు మేస్త్రి సగం లోతులో ఉండగా నా చేయి పోయింది. వేళ్ళు తాడు మీదే ఉన్నాయి, తాడు మాత్రం తెలియడం లేదు. అంతకుముందైతే పళ్ళు బిగించి ఊరుకునేవాణ్ణి. "పోయింది" అని అరిచాను. తాడు జానెడు జారి ఆగింది.

"పట్టినా పెద్దనాయనా, నువ్వు వదిలెయ్" అంది వెనకనుంచి ఆ పిల్ల.

బావిలోంచి గొంతు వచ్చింది. "తాడు ఎవురి చేతిలో ఉండాది?"

"నా చేతిలోనే మామా."

ఆ పిల్ల తాడుని నడుముకి ఒక చుట్టు తిప్పుకుంది.

"అయితే దించు" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో బావులు దిగాం. బెంగళూరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం ఆ నాలుగో రోజు సాయంత్రమే కళ్ళ ముందు ఉంటుంది. పైకి లాగాక ఆయన గట్టు మీద కూలబడ్డాడు. టీ గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయాడు, చేతులు అంతగా వణుకుతున్నాయి. దాచుకోవాలని చూడలేదు. మేమూ మొహం తిప్పుకోలేదు. కోడలే గ్లాసు నోటి దగ్గర పెట్టింది. గ్లాసు అంచు పళ్ళకు తగిలి టకటకమంటూనే ఉంది, ఆయన గుక్క గుక్కగా తాగుతూనే ఉన్నాడు.